తెల్ల పెట్టె

2008 ఏప్రిల్ 7

గంగాధరం సార్ ఈరోజు మా పేజీని రేషన్ లిస్టు అన్నాడు.

కోపం వచ్చింది కానీ నిజమే. రెండు జిల్లాల్లో ఆరొందల మంది డాక్టర్లు పొద్దున్నే నెట్‌లో చూసే మెడికల్ న్యూస్ పేజీ అది. కొత్త మందులు, కొత్త రీసెర్చ్, ఏ మందు ఎవరికి ఇవ్వకూడదన్న హెచ్చరికలు, అన్నీ పైనుంచి కిందికి ఒకటే అక్షరాలు. డాక్టర్లకు చదివే టైము యాడుండాదమ్మా సాజియా, కండ్లకు కొట్టినట్టు ఉండాల అన్నాడు. రీడిజైన్ నాకే ఇచ్చాడు. ఎంసీఏ చేసి మూడేళ్ళుగా బ్యానర్లు అతికిస్తున్నాను. ఇన్నాళ్ళకు ఒక పని.

ఏప్రిల్ 19

దొరికింది. హెచ్చరికలన్నీ పేజీకి పైన, ఎర్ర అంచున్న పెద్ద పెట్టెలో. ఫ్లాష్‌లో చేస్తే ఒకదాని తర్వాత ఒకటి కదులుతూ వస్తాయి. కోడింగ్ చూసే బాలస్వామి కూడా బాగుందన్నాడు. అతను నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆ ఊపులో ఇంకో జొన్నరొట్టె తిన్నాను.

మే 4

మా ఊరు వేంపల్లె పోయి వచ్చాను. అక్రమ్ అన్న నడుము పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పన్నెండేళ్ళుగా బండల పాలిష్ ఫ్యాక్టరీలో వంగి పనిచేసే నడుము. ఇక్కడ కర్నూలు కల్లూరులో నా గది, నా డిగ్రీ, నా ఉద్యోగం, అన్నీ ఆ నడుము మీదే లేచాయి. ఊరి ఆర్‌ఎంపీతో సూదులు వేయించుకుంటున్నాడట. తిట్టాను. ఊళ్ళోనే ఉన్న వాసుదేవ్ డాక్టర్ దగ్గరికి పో అన్నాను. ఆయన మా పేజీ ఒక్కరోజు కూడా మానడు, లాగిన్ లిస్టులో పేరు రోజూ ఉంటుంది. నీకు ఒక కిడ్నీ చిన్నప్పటి నుంచి సరిగా లేదు కదా, ఆ సంగతి మర్చిపోకుండా చెప్పు అని రెండుసార్లు చెప్పాను.

మే 19

కొత్త పేజీ పెట్టేశాం. గంగాధరం సార్ అందరికీ మైసూర్‌పాక్ తెప్పించాడు. నా పెట్టె కదులుతుంటే అందరూ నిలబడి చూశారు.

మే 27, పొద్దున 11

ఫిర్యాదుల ఫోన్ నేనే ఎత్తాను. ఓబులేసు అట, వాసుదేవ్ డాక్టర్ కాంపౌండరు. అమ్మా, పైన పెట్టె తెల్లగా వస్తాండాది, ఏమన్నా పోయిందా అన్నాడు. పక్కనున్న నెట్ సెంటర్‌లో రోజూ సారు పేరుతో మా పేజీ తెరిచి, ప్రింటు తీసి, సారు టేబుల్ అద్దం కింద పెడతాడట. ఫ్లాష్ ప్రింటులో రాదు, సారును కంప్యూటర్‌లోనే చూడమను అన్నాను. సారుకు కంప్యూటర్ యాడుండాదమ్మా అన్నాడు.

ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వించాను. ఫిర్యాదుల షీటులో రాశాను: ప్రింటు సమస్య, లో ప్రయారిటీ.

జూన్ 5

అన్న డాక్టర్ దగ్గరికి పోయాడట. కిడ్నీ సంగతి కూడా చెప్పాడట. డాక్టర్ వారానికి మళ్ళీ రమ్మన్నాడట. హమ్మయ్య.

జూన్ 12

ఈరోజు పెట్టెలో నాలుగు హెచ్చరికలు. మూడోది కొత్తగా వచ్చిన నొప్పి మాత్ర గురించి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదట. మాత్ర పేరు మరీ పొడుగు, పెట్టెలో పట్టలేదు. ఫాంటు తగ్గించాను.

జూన్ 21

షంషాద్ వదిన ఫోన్. అన్న మళ్ళీ పనికి పోతున్నాడట. మాత్ర రెండు పూటలా వేసుకుంటాండాడు, నొప్పే లేదంటాండాడు, మంచి డాక్టర్ను చూపిచ్చినావమ్మీ అంది. రోజంతా సంతోషంగా ఉన్నాను.

జులై 3, పొద్దున 10

అన్నకు ముఖం, కాళ్ళు వాచాయట. రెండు రోజులుగా ఒంటికి పోవడం లేదట. కర్నూలుకు తెస్తున్నారు.

సాయంత్రం 5

వదిన సంచిలోంచి మాత్రల అట్ట తీసి డాక్టర్లకు ఇచ్చింది. మధ్యలో నేను తీసుకుని చదివాను.

పొడుగు పేరు.

జులై 6

డయాలిసిస్ మొదలుపెట్టారు. బాగున్న కిడ్నీ కూడా పోయింది. ఇక తిరిగి రాదన్నారు. అన్నకు ముప్పై నాలుగు.

నేను మంచం పక్కన ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, నాకేమైందని ఏడుస్తాండావమ్మీ, నీ కొత్త పేజీ బాగ నడుస్తాండాదా అని అడిగాడు. నడుస్తోంది అన్నాను. ఆ మాత్ర వద్దని మా పేజీలోనే ఉందని చెప్పలేకపోయాను. చెబితే నన్ను తిట్టడు. అదే భయం.

జులై 9

వాసుదేవ్ డాక్టర్‌తో కొట్లాడదామనే వేంపల్లె పోయాను. బస్సులో మాటలన్నీ కూర్చుకున్నాను. మా పేజీలో అంత పెద్ద పెట్టెలో ఉంటే చూడలేదా అని అడగాలి.

డాక్టర్ టేబుల్ అద్దం కింద ఈరోజు పేజీ. పైన ఎర్ర అంచు కూడా లేని తెల్ల ఖాళీ. అందులో నీలం ఇంకుతో పేషెంట్ల పేర్లు, డోసులు. పాత కాగితాలు మూలన ఇనుప చువ్వకు గుచ్చి ఉన్నాయి. అడిగి తీసుకున్నాను. జూన్ 12 వెతికాను. ఉంది. హెచ్చరిక రావలసిన చోట ఆయన రాసుకున్నాడు: అక్రమ్, నడుము నొప్పి, ఆ పొడుగు పేరు మాత్ర, రెండు పూటలా.

ఆయన కళ్ళజోడు తీసి, నెలన్నర నుంచి హెచ్చరికలేమీ రావడంల్యా, ఆపేసినారేమో అనుకుంటిమి, జాగా ఖాళీగా ఉండాది కదా అని రాసుకుంటాండామ్మా అన్నాడు. ఓబులేసు నా ముఖం చూశాడు. ఫోన్లో గొంతు గుర్తుపట్టాడనుకుంటాను.

కాగితం మళ్ళీ చువ్వకు గుచ్చి వచ్చేశాను.

జులై 14

ఫ్లాష్ తీసేయించాను. హెచ్చరికలు మళ్ళీ మామూలు అక్షరాలు. గంగాధరం సార్ మళ్ళీ రేషన్ లిస్టు చేసినావే అన్నాడు. ప్రింటు సమస్య సార్ అన్నాను. బాలస్వామికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇరవై నిమిషాలు. మే 27న నేను నవ్విన టైము కూడా అంతే ఉంటుంది.

అన్నకు ఇక వారానికి మూడుసార్లు డయాలిసిస్.

జులై 16, పొద్దున 11

ఓబులేసు ఫోన్. పెట్టె నిండుగా వస్తాండాదమ్మా, సారుకు రాసుకునేదానికి జాగా ల్యా, యాడన్నా ఒక తెల్ల పెట్టె ఇయ్యమంటాండాడు అన్నాడు.

షీటులో రాసుకున్నాను. ప్రయారిటీ దగ్గర ఏమీ రాయలేదు.