అన్సెల్మ్ కాఫీ మర

లీల్, శుక్రవారం

ఒదీల్ గారికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మీ అన్న అన్సెల్మ్ పక్క గదిలో ఉండేవాణ్ణి. ఆయన పోయాక మీరు అడిగింది ఒక్కటే, మీ అమ్మగారి కాఫీ మర. అది ఇప్పుడు మా దగ్గర లేదు.

ఇల్లూ వాకిలీ లేని మాబోటివాళ్ళం ఈ ఆశ్రమంలో కలిసి ఉంటూ, జనం ఇచ్చిన పాత సామాను బాగుచేసి, మా దుకాణంలో అమ్ముకుని బతుకుతాం. పొద్దున నడవాలో ఏది కనబడినా దుకాణానికి పోవలసిందే. ఒకసారి మా వంటవాడి బూట్లే పోయాయి. పాపం, వానలో మేజోళ్ళతో తిరిగాడు. పదకొండేళ్ళుగా ఇక్కడున్న నేనే అన్సెల్మ్ గది ఖాళీ చేసి, మర ఉన్న ఆయన పెట్టెను నడవాలో పెట్టాను.

బుధవారాలు ఊరికే సాయానికి వచ్చే సొలాంజ్ టీచరమ్మ మరను తళతళా తోమి అమ్మేసింది. కొన్నదెవరో తెలియదు.

"ఏమయ్యా, అలా రాయిలా కూర్చున్నావు? అల్మరాలో అలాంటివి ఇంకో అయిదున్నాయి, ఒకటి పంపెయ్. ముప్ఫై ఏళ్ళాయె ఆవిడ చూసి, ఏం గుర్తుపడుతుంది?" అంది, మర మీదని నేను చెప్పాక.

"గుర్తుపట్టదు," అన్నాను.

"మరింకేం? తిట్టవేం నన్ను? తిడితే నాకూ కాస్త నయంగా ఉంటుంది."

నాకు తిట్టాలని కూడా అనిపించలేదు. ఒకటి తీసి కాగితం చుట్టి, మీ చిరునామా రాశాను. రోజూ పొద్దున్నే మీరు అందులో గింజలు పోసి తిప్పుతూ, మీ అమ్మ చేతులు తలుచుకుంటారు కదా అనిపించింది. కాగితం విప్పేశాను.

మరను మళ్ళీ అల్మరాలో పెట్టాను. మధ్యాహ్నానికి అదీ అమ్ముడుపోయింది.