చూరు కింద చోటు

ఈ వీధిలో అందరూ గొడుగులమ్మ అని పిలిచే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయిస్తున్న వీలునామా ఇది. కాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర భేషుగ్గా ఉందని డాక్టరుగారే అన్నారు.

1. మా నాన్న నుంచి నాకు సంక్రమించిన ఇల్లు, కింద గొడుగులు బాగుచేసే కొట్టుతో సహా, నా కొడుక్కి చెందాలి. పడగొట్టి మేడ కట్టాలని వాడి ఉబలాటం. కట్టుకోనీ. గోడలు చెమ్మ పట్టాయి, మెట్లెక్కాలంటే నాకే భయం. కానీ ఆ మేడకి కూడా వీధి వైపు చూరు మాత్రం ఉండి తీరాలి. లేకపోతే ఇల్లు నా కూతురికి పోతుంది.

ఎందుకంటే, ఒకప్పుడు ఇక్కడ ఇల్లు కట్టేవాళ్లంతా పక్కింటి చూరుకు తమ చూరు ఆనించి కట్టేవారు. ఎంత వానలోనైనా ఈ చివర బయల్దేరిన మనిషి ఆ చివరికి పొడిగా చేరేవాడు. తర్వాత షట్టరుకు అడ్డమని ఒకరు, కారుకు అడ్డమని ఒకరు కొట్టేశారు. చూర్లు పోయినకొద్దీ నా గొడుగుల బేరం పెరిగింది. నిజం చెప్పొద్దూ, ఒక్కనాడూ సంతోషపడలేదు. ఇప్పుడు మిగిలింది మాదొక్కటే.

2. వాళ్ల నాన్న నల్ల గొడుగు నా కూతురికి. ఇప్పటికైనా తడుస్తూ తిరగకు తల్లీ.

3. నా పేము కుర్చీ పక్క కొట్టు టైలరుకు. అందరికంటే ముందు చూరు కొట్టించిన మహానుభావుడు ఈయనే. బోర్డు కనబడటం లేదట! ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు చినుకు పడితే జల్లు తిన్నగా ఆయన కొట్లోకే. కుట్టిన బట్టలు గుండెలకు హత్తుకుని మా చూరు కిందికే పరిగెత్తుకొస్తాడు. పాపం, మోకాళ్ల నొప్పులు. ఇకనుంచి కూర్చోమనండి.

4. ఇవన్నీ అమలు జరిపే బాధ్యత నా కోడలిది. కొడుకు మెత్తన, కాంట్రాక్టరు నాలుగు తీపి మాటలు చెబితే కరిగిపోతాడు. కోడలి దగ్గర ఆ పప్పులుడకవు.

5. కొత్త చూరు కింద ఇద్దరు పక్కపక్కన నిలబడేంత చోటుండాలి. నా పెళ్లికి ముందు ఒక వానలో ఎవరో అబ్బాయి వచ్చి అక్కడ నిలబడ్డాడు. వాన వెలిసింది. ఆయన కదల్లేదు, నేనూ వెళ్లమనలేదు. ఆయనే మీ నాన్న, పోయేదాకా ఈ ఇంట్లోనే ఉన్నారు. కాబట్టి పిల్లలూ, వాన వెలిసింది కదా అని అక్కడ నిలబడ్డవాళ్లను ఎవరూ పంపేయకూడదు.

జూలై పదకొండు, వాన పడుతున్న మధ్యాహ్నం.

సంతకం: గొడుగులమ్మ

సాక్షులు: డాక్టరుగారు, మందుల కొట్టాయన. సంతకాలయ్యాక ఇద్దరూ మా చూరు కిందే ఆగారు.