ఏక్‌బాల్‌పూర్‌కి తెల్లచీరలో

12 నవంబరు, మంగళవారం

ఓడని కలకత్తా డాక్‌లోకి తెచ్చి కట్టేశారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన జనమంతా గంటలో దిగిపోయారు. డెక్కు మీద అరటితొక్కలు, ఒక పసిపిల్ల చెప్పు. వాంతులు తప్ప ఎవరికీ ఏ రోగమూ రాలేదు.

మళ్ళీ బయల్దేరడం శనివారం పోటుకి. నాలుగు రోజులు.

ఈసారి డాక్ గేటు దాటతాను. ఒక్కదాన్నే. ఈ ఓడలో నర్సుగా చేరాక కలకత్తా రావడం ఇది ఆరోసారి. ఐదుసార్లూ నేను చూసిందేమిటి? డాక్టరుగారి భార్య పక్కన కారులో కూర్చుని న్యూ మార్కెట్టు, ఆవిడ బేరమాడిన దుప్పట్లు. ముప్పై నాలుగేళ్ళ మనిషిని. సిగ్గుండాలి.

రూతు ఈ ఊళ్ళోనే ఉంది. గేటు నుంచి నడిస్తే అరగంటట. నా ఒక్కగానొక్క చెల్లెలు... అరగంట దూరం... ఐదుసార్లు వచ్చి వెళ్ళిపోయాను.

నాన్న పోయిన సంగతి దానికి తెలీదు. ఏప్రిల్లో పోయారు.

ఉత్తరం రాయొచ్చుగా అంటే, నా చేతిరాత చూస్తే విప్పకుండానే పొయ్యిలో పెడుతుంది. పెట్టాలి కూడా.

అదే రోజు, సాయంత్రం

పైడయ్య బాబాయికి చెప్పాను. ఓడలో తాళ్ళ పని చేసే మనుషులందరికీ ఆయనే సారంగు. నలభై ఏళ్ళుగా ఈ డాక్‌కి వస్తున్నాడు. మొదట వద్దన్నాడు. తరవాత వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. గేటు పాసు సంచీలో పెట్టకు, జాకెట్లో పెట్టుకో. దారి అడగాల్సొస్తే ఆడమనిషినే అడుగు. ఎవడైనా వెనకబడితే పరిగెత్తకు, ఏదో ఒక కొట్లో దూరు. ఆరింటికల్లా గేటు లోపలుండు.

"మరొక్కటి నర్సమ్మా. యూనిఫారం ఏసుకోనెల్లు. తెల్లసీర మీద ఎవుడూ సెయ్యెయ్యడు."

ఇది బాగుంది. ఇస్త్రీ చేసుకున్నాను.

13 నవంబరు, బుధవారం

 జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

రెండింటికి గేటు దాటాను. బాగానే ఉంది. లారీలు, గోనెసంచుల వాసన, గోడలనిండా కొడవళ్ళు సుత్తులు. ట్రామ్ లైను పట్టుకుని నడవమన్నారు, నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఒక పెద్దాయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు. చూశావా, ఇంతేగా, అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మూడేళ్ళ కిందటి ఉత్తరం మీదున్న చిరునామా—ఏక్‌బాల్‌పూర్, మసీదు వెనక సందు, కుళాయి పక్క ఇల్లు. ఇంటి నంబరు లేదు. సందు దొరికింది. కుళాయీ ఉంది. కుళాయి దగ్గర పదిమంది ఆడవాళ్ళు.

నేను సందు మొదట్లో కనబడగానే మాటలు ఆగిపోయాయి. ఒకామె నిండని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఇంకొకామె పిల్లని రెక్క పట్టుకుని లోపలికి లాగింది. తలుపులు... ఒకటి, రెండు, నాలుగు. రూతు అన్నాను, దాని మొగుడు సలీం అన్నాను, వెల్డింగు పని అన్నాను. వచ్చీరాని హిందీలో బతిమాలాను. మిగిలిన ముసలామె నా మొహం చూడకుండానే "కోయీ నహీ హై" అంది. ఎవరూ లేరు! ఎదురుగా కుళాయి కింద బకెట్లు పొర్లిపోతున్నాయి.

పేట కుర్రాళ్ళ క్లబ్బు గదిలోంచి ముగ్గురు బయటికొచ్చారు. "దీదీ, కోన్ ఆఫిస్?" ఏ ఆఫీసూ కాదన్నాను. నమ్మలేదు. పార్టీ ఆఫీసుకి తీసుకెళ్ళారు. కళ్ళజోడు మనిషి, మర్యాదస్తుడు, టీ ఇచ్చాడు. పేరు రాసుకున్నాడు. ఎవరు పంపారు? చెల్లెలి కోసం. చెల్లెలి కోసం యూనిఫారంలోనా?  టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

అక్కణ్ణించి దారి తప్పాను. ఏ సందు చూసినా ఒకేలా ఉంది. అప్పుడు మొదలైంది వెనక చప్పుడు—టక్, టక్. మేకులు కొట్టిన బూట్లు. నేను ఆగితే ఆగుతోంది. నడిస్తే నడుస్తోంది. తిరిగి చూడలేదు, చూడలేకపోయాను. మిఠాయి కొట్లో దూరి ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. ఎంతసేపో. బయటికొస్తే మళ్ళీ టక్, టక్, ట్రామ్ లైను దాకా. జనం కనబడ్డాక లేదు.

ఆరుకి పది నిమిషాలుండగా గేటు.

అదే రోజు, భోజనాలయ్యాక

వంటవాళ్ళలో ఒకతనిది ఆ పేటే. విని నెత్తి కొట్టుకున్నాడు. పోయిన నెలలో అక్కడ జ్వరాలు. తెల్లచీరల వాళ్ళు వచ్చి ఇళ్ళు వెతికి ఇద్దరు పిల్లల్ని అంటురోగాల ఆసుపత్రికి తీసుకుపోయారట. ఒకరే తిరిగొచ్చారు. ఇప్పుడు తెల్లచీర కనబడితే చాలు, పిల్లల్ని మంచాల కింద దాస్తున్నారు.

పైడయ్య బాబాయి మొహం చిన్నబోయింది. "నానేటో మంచికే సెప్పినాను తల్లీ." ఆయన తప్పేముంది? నేను వేసుకుని వెళ్ళాను.

ఇప్పుడు గుర్తొస్తోంది... కుళాయి పక్కన ఆకుపచ్చ కిటికీ. తెర పక్కకి లాగిన చెయ్యి. మణికట్టు మీద మచ్చ. గంజి ఒలికి కాలిన మచ్చ. ఆ రోజు వార్చింది నేను, కాలింది దానికి.

అది రూతే. నన్ను చూసి తెర వేసేసింది. తెల్లచీరని చూసి వేసిందా? నన్ను చూసి వేసిందా?

14 నవంబరు, గురువారం

వెళ్ళలేదు.

మందుల గదిలో సీసాలు తుడిచాను. నిన్న తుడిచినవే.

రాయాల్సింది రాయకుండా అటూ ఇటూ తిరుగుతున్నాను. సరే. వాల్తేరు యార్డులో పనికి వచ్చిన వెల్డరుతో రూతు వెళ్ళిపోయి, పెళ్ళయిందని ఉత్తరం రాసినప్పుడు నాన్న రైల్వే క్వార్టర్సు తలుపు గడియ పెట్టి, నన్ను కూర్చోబెట్టి ఉత్తరం చెప్పారు. చర్చి సంఘపెద్ద ఇంట్లో అలాంటిది జరగడం ఆయన ఓర్చుకోలేకపోయారు. ఆయన చెప్పారు, నేను రాశాను. "నువ్వు మాకు లేవు. ఇక రాయకు." అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి. నాన్న సంతకం కూడా పెట్టలేదు. అంటే ఆ కాగితం మీద ఉన్నదంతా నేనే.

తరవాత దాన్నుంచి వచ్చింది ఆ ఒక్క ఉత్తరం. చిరునామా మాత్రమే. లోపల ఒక్క ముక్క లేదు.

పోయేముందు నాన్న దాన్ని అడిగారా? అడగలేదు. నీళ్ళు అడిగారు, కిటికీ తియ్యమన్నారు. రూతు అడిగితే ఏం చెప్పను? అడిగారని చెబుతాను. ఒక్క అబద్ధం. అది ఎవరికి చెడు?

15 నవంబరు, శుక్రవారం

బంద్. డాక్ మొత్తం పడుకుంది. సరుకు ఎక్కించేవాళ్ళు లేరు కాబట్టి బయల్దేరడం ఆదివారం పోటుకట. శనివారం నుంచి ఓడ దిగడానికి వీల్లేదని ఓడ లెక్కలు చూసే పర్సరు బోర్డు పెట్టేశాడు. కాబట్టి ఇవాళ వెళ్ళాలి, లేదంటే ఇక లేదు.

"ఈయాల ఒద్దమ్మా, బస్సు నేదు, ట్రామ్ నేదు, గొడవైతే దూరడానికి కొట్టు కూడా నేదు." పైడయ్య బాబాయి మాట నిజమే. వెళ్తున్నాను. వంకాయరంగు చీర.

అదే రోజు, ఏడు గంటలు

వచ్చాను. మొదటినుంచి రాస్తాను, ఏదీ పోకూడదు.

రోడ్డు ఖాళీ. ట్రామ్ పట్టాల మీద మీసాలొచ్చిన మగాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఎర్రజెండా కట్టిన జీపు ఒకటి నెమ్మదిగా నన్ను దాటి, ఆగి, మళ్ళీ వెళ్ళింది. జాకెట్లో పాసు తడిసిపోయింది. నా అడుగుల చప్పుడు నాకే మరీ గట్టిగా వినబడింది.

కుళాయి దగ్గర ఈసారి ఎవరూ పారిపోలేదు. పక్కనే నిలబడ్డాను, ఒకామె జరిగి చోటిచ్చింది. "యహా కోయీ మద్రాసీ..." అంటున్నానో లేదో ఆమె కళ్ళు కిందికి వెళ్ళాయి. నా కాళ్ళకేసి. నర్సు బూట్లు! తెల్ల కాన్వాసు బూట్లు! చీర మార్చాను, అవి మార్చలేదు. ఇంత తెలివైనదాన్ని. "అరే, పరసోవాలీ!" మొన్నటిదే! నలుగురూ చుట్టూ చేరారు. ఒకామె నా సంచీ లాక్కుంది. లోపల సూదులు వెతుకుతోంది. సందు చివర నుంచి మగాళ్ళు వస్తున్నారు. 

"ఛోడ్ దో. మేరీ బెహన్ హై."

వదిలెయ్యండి, మా అక్క అంటోంది—ఆకుపచ్చ కిటికీ పక్క తలుపులో రూతు. చిక్కిపోయింది. చంకలో మూడేళ్ళ పిల్ల.

లోపల ఒకటే గది. గోడకి మక్కా పటం, దాని కిందే మా అమ్మ కుట్టిన దిండుగలీబు.  మంచం మీద సలీం లేచి కూర్చున్నాడు, నన్ను చూసి తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"గుంటకి జొరం అప్పా. మొన్న దీన్ని తీసుకుపోడానికొచ్చినావనుకున్నాం అందరం."

"నన్ను గుర్తుపట్టలేదా?"

"పట్టినాను."

"పట్టి కూడా తెర వేసేశావా?"

"పట్టే ఏసినాను."

పిల్లని చూశాను. గొంతు చూశాను, పొట్ట చూశాను. చెవి ముట్టుకుంటే కెవ్వుమంది. చెవిలో చీము. వీళ్ళు భయపడ్డ జ్వరం కాదు. మందు పడితే వారంలో తగ్గుతుంది, పడకపోతే వినికిడి పోవచ్చు. డాక్టరుకి చూపించవేం అంటే, "పేరు రాసుకుంటారు. రాసుకున్నోళ్ళింటికే ఒచ్చినారు పోయిన నెల్లో" అంది. మందు ఓడలో ఉంది. నా సంచీలో రెండు నారింజపళ్ళు, ఒక గొడుగు. నర్సుని!

అప్పుడు చెప్పాను. నాన్న ఏప్రిల్లో పోయారని.

బియ్యం కడుగుతోంది. కడుగుతూనే ఉంది. నీళ్ళు తేటగా అయిపోయాయి, ఇంకా కడుగుతూనే ఉంది.

"సివర్ని నన్నేటైనా అన్నారేటి?"

"అడిగారు. నిన్ను రమ్మన్నారు."

నా మొహం చూడలేదు. నా చెయ్యి చూసింది. "అబద్ధమాడితే కొంగు ఏలికి సుడతావు నువ్వు. సిన్నప్పట్నించీ."

చూసుకున్నాను. చూపుడువేలికి మూడు చుట్లు.

కొంగు విప్పుకున్నాను. మందు గురించి గబగబా చెప్పాను. ఆదివారం ఓడ లాకుల్లోంచి వెళ్తుంది, గోడకి ఆనుకుని అరగంట ఆగుతుంది, గోడ మీదికి వస్తే చేతికందిస్తాను, మూడింటికల్లా రా. "ఆ ఉత్తరంలో రాత నీదే గదా అప్పా" అంది. నేను అడిగినదానికి అది జవాబు కాదు. అవునన్నాను. నాదే. "సూస్తాన్లే" అంది. తలుపు వేసుకుంది.

బయట సలీం. రండి అనలేదు, నడిచాడు. పది అడుగుల ముందు. ఒక్కసారి తిరిగి చూడలేదు, నేను ఆగితే ఆగాడు. టక్, టక్. యార్డు బూట్లు, మేకులు కొట్టినవి.

గేటు దగ్గర అడిగాను, ఆ రోజు మీరేనా అని. "మై హీ థా దీదీ. ట్రామ్ తక్." నేనే, ట్రామ్ దాకా అన్నాడు. మిమ్మల్నెవరు పంపారు అంటే చిన్నగా నవ్వాడు. "ఔర్ కౌన్ భేజేగా?"

ఇంకెవరు పంపుతారు! నా మొహం మీద తెర వేసి, వెనక మొగుణ్ణి పంపింది. గేటు కాపలావాడి ముందే ఏడ్చాను.

16 నవంబరు, శనివారం

ఓడ దిగడానికి లేదు. డాక్టరుగారిని అడిగి మందు తీసుకున్నాను, ఎవరికని ఆయన అడగలేదు. సీసా, చుక్కల మందు, దూది. బిస్కెట్ల డబ్బాలో సర్దాను.

ఎలా వాడాలో రాయాలి. కలం పట్టుకుని గంట కూర్చున్నాను. నా చేతిరాతలో దానికి అందబోయే రెండో కాగితం ఇది.

"పూటకి ఒక చెంచా, మూడు పూటలు, ఏడు రోజులు. తగ్గిందని మధ్యలో మానకు." ఇంతవరకూ సులువే.

కింద ఇంకో మాట రాశాను. "నాన్న నిన్ను అడగలేదు. అడిగింది నేను. ఆ ఉత్తరం రాయనని ఆ రోజు అనాల్సింది, అనలేదు." సంతకం పెట్టాను.

17 నవంబరు, ఆదివారం

మూడున్నర. డెక్కు మీద కూర్చుని రాస్తున్నాను, డబ్బా ఒళ్ళో ఉంది.

లాకుల్లోకి వచ్చాం. వెనక గేటు మూసేశారు. గోడ మీద తాళ్ళ మనుషులు, టోపీలవాడు, వేరుశనగలమ్మేవాడు. రూతు వాళ్ళు లేరు.

నీళ్ళు వదులుతున్నారు. ఓడ కొంచెం కొంచెం దిగుతోంది, గోడ కొంచెం కొంచెం పైకి పోతోంది. ఇందాక చెయ్యి చాస్తే అందేది. ఇప్పుడు విసరాలి.

నాలుగుకి ఐదు నిమిషాలు. ఓడకి దారివ్వడానికి లాకుల దగ్గరి రోడ్డు బ్రిడ్జిని పక్కకి తిప్పేశారు, ఏక్‌బాల్‌పూర్ వైపు జనం అవతలే ఆగిపోయారు. అందులో ఉన్నారో... లేక ముందే ఇటు దాటి... రూతుకి బ్రిడ్జి సంగతి చెప్పలేదు నేను. మూడింటికి అన్నాను గానీ ఎందుకో చెప్పలేదు.

పైడయ్య బాబాయి పక్కకొచ్చాడు. "గోడ మీద మనోళ్ళకిచ్చీమంటావేటి? ఎలగో అందజేస్తారు." ఇంకొక్క నిమిషం అన్నాను. ముందు గేటు కదులుతోంది. సన్నటి చీలిక, అవతల నది.

గోడ నా తల దాటిపోయింది, పైన ఎవరున్నారో కనబడటం లేదు.

టక్, టక్.

మేకుల బూట్లే. పరిగెత్తుతున్నాయి. పక్కన చెప్పుల చప్పుడు కూడా ఉందా అని వింటున్నాను.