మెట్లు దిగని ఫోటోలు

సోమవారం
మేడ మీదా కిందా ఉండే సమస్త జనులకూ, రెండు ప్రింటర్లకూ తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి ఈ స్టూడియోలో పెన్‌డ్రైవ్ మెట్లు దిగరాదు. ఫోటో వైరు గుండానే ప్రయాణించవలెను. ఇది నా శాసనం.

కారణం ఉంది. పైగదిలో నేను ఫోటోలు దిద్దుతాను, కింద మా ఆవిడ ప్రింట్లు తీస్తుంది. పైన ఒక నెట్‌వర్కు, కింద ఇంకొకటి, రెంటినీ కలుపుతూ మధ్యలో ఒక పాత పెట్టె. పైనుంచి కిందికి ఫైలు పంపితే నత్తకు కాలు బెణికినట్టు కదులుతుంది. ఆదివారంలోగా బాగవకపోతే కంప్యూటరు దింపి తన పక్కన కూర్చోమంది. రోజంతా ఆవిడ కళ్లముందే! నా మధ్యాహ్నపు కునుకు, గొంతు మార్చి స్నేహితులకు చేసే దొంగ ఫోన్లు... అన్నీ గోవిందా.

బామ్మర్దికి ఈ నెట్‌వర్కుల పనే వృత్తి. వాణ్ణి మాత్రం పిలవను. పిలిస్తే పదేళ్లు దెప్పుతాడు.

మంగళవారం
పరీక్షకి ఒక ఫైలు పైనుంచి పైకే పంపాను: రివ్వున పోయింది. కిందనుంచి కిందికి: రివ్వున. పైనుంచి కిందికి: ‘ఇంకా నాలుగు గంటలు’. దొంగ దొరికాడు! వైరు మార్చాను. ‘ఇంకా తొమ్మిది గంటలు’.

బుధవారం
పెట్టెను ఆపి వెలిగించాను. దుమ్ము ఊదాను. తిట్టాను. తిట్టాక కాస్త కదిలింది, ఒట్టు.

కింద ఒకాయన పాస్‌పోర్టు ఫోటో కోసం కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు. ఆ ఒక్కటీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, జేబులో వేసుకుని దిగాను. పెన్‌డ్రైవ్ మెట్లు దిగలేదు, దిగింది నేను.

గురువారం
జేబు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. బడిపిల్లల ఆల్బం మొత్తం వెనక మెట్ల మీదుగా దించేశాను. ఆవిడ ప్రింటరు వైపు తిరిగినప్పుడు గుచ్చడం, పీకడం. “వచ్చేసింది చూడు” అన్నాను దర్జాగా. తెర చూసింది, నన్ను చూసింది.

“ఫైలు వైర్లో వస్తే మీకెందుకండీ ఆయాసం?”

శుక్రవారం
ఇక తప్పలేదు. ఆవిడ బజారుకెళ్లినప్పుడు బామ్మర్ది వచ్చి చూశాడు. “నీ తప్పేం లేదు బావా. పైవి పైవాటితో మాట్లాడుకుంటే ఈ పెట్టెతో పనిలేదు. కిందికి రావాలంటే మాత్రం ప్రతి ఫోటో దీని సందులోంచే దూరాలి. ఆ సందేమో ఇరుకు. కొత్తది రావడానికి వారం పడుతుంది” అన్నాడు. ఆవిడ రాగానే ఈ మాటలన్నీ అప్పజెప్పాను. మెత్తబడి, గడువు వారం పెంచింది. బామ్మర్ది బంగారం.

శనివారం
జేబు. మళ్లీ జేబు. మోకాళ్లు పట్టేశాయి.

ఆదివారం
ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. నా ఎదుటే, స్పీకర్ పెట్టి. శుక్రవారం వచ్చి చూశావటగా అని అడిగింది. “శుక్రవారమా?” అన్నాడు అవతలనుంచి. నా గుండె జేబులోకి జారింది.

“చూశానక్కా. లోపం పెట్టెదే. బావని పైనే ఉండనీ” అన్నాడు.

కనుక రేపటి నుంచి కొత్త శాసనం: పెన్‌డ్రైవ్ మెట్లు దిగరాదు. జేబుతో సహా.

చిన్న సవరణ. శుక్రవారం బామ్మర్ది రానేలేదు. ఆ మాటలన్నీ నేను అల్లినవి. మరి వాడు చూశానని ఎందుకన్నాడు? రేపు పొద్దున్నే వస్తున్నాడట, నాతో ఒంటరిగా మాట్లాడాలట. ఈ సాయానికి ఖరీదెంతో!