కామస్ కడుపులోని పిల్లకు కత్తి తగలకూడదని

లాప్వాయ్ లోయలో ఉంటున్న నిమీపూ అనే ఆదివాసీ తెగ మనిషిని, టోబియస్ గ్రేఎల్క్ అనే నేను, వయసు ఇరవై నాలుగు, బుద్ధి స్థిమితంగా, ఒళ్లు దిట్టంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఒళ్లు మండిపోతూ రాస్తున్న వీలునామా ఇది. సోమవారం అడవి మంటలార్పే దళంతో కొండల్లోకి పోతున్నాను. దళపతి రూబెన్ అందరినీ కాగితం రాసిపెట్టమన్నాడు. మిగతావాళ్లు రెండేసి వాక్యాలు గీకి కాఫీకి పోయారు. నాకు హార్లన్ బాబాయి ఉన్నాడు కనుక నాది పొడుగైంది.

1. నా పికప్పు బండి స్నేహితుడు ఎమ్మెట్‌కు. అది వెనక్కి పోదు. వాడూ ఎక్కడికైనా పోతే వెనక్కి రాడు. జోడీ కుదిరింది.

2. ఎండబెట్టిన సాల్మన్ చేపలన్నీ పక్కింటి ఐడా అవ్వకు. "ఉప్పు కషాయంలా ఉందిరా" అని ఏటా తిడుతుంది, ఏటా రెండు సంచులు పట్టుకుపోతుంది. ఈసారి ఉప్పు తగ్గించాను, అవ్వా.

3. నా అసలు ఆస్తి: పందొమ్మిదేళ్ల ఆడగుర్రం కామస్, దాని కడుపులోని పిల్ల. వచ్చే ఏప్రిల్‌లో ఈనుతుంది, అదే చివరి కాన్పు. రెండూ లొరేనాకు. లొరేనా హార్లన్ బాబాయి కూతురు, నాకు చెల్లెలు. "గుర్రాలు నాకిస్తున్నట్టు నాన్నకు నువ్వు చెప్పకన్నయ్యా, నేనే మెల్లగా చెప్తా" అంది. నాకు మెల్లగా చెప్పడం రాదు.

4. షరతు. పిల్ల మగదై, ఒంటిమీద ఒక్క చుక్కా లేకుండా పుట్టినా సరే, ఐదేళ్లు నిండేదాకా దాని విత్తులు తీయించకూడదు, అమ్మకూడదు.

కారణం లోయంతా ఎరుగును, అయినా కాగితం మీద ఉండాలి. కామస్ మొదటి కొడుకు బొగ్గు. నల్లగా పుట్టింది కనుక ఆ పేరు. నానమ్మ ఆగ్నెస్ ఆసుపత్రిలో ఉన్న వారంలో, రెండేళ్ల బొగ్గుకు బాబాయి విత్తులు తీయించాడు. ఆవిడ తిరిగొచ్చి కంచె పట్టుకుని నిలబడింది. "గిట్టల మీద చారలు కనబళ్లేదట్రా నీకు? కంటిచుట్టూ తెలుపు కనబళ్లేదట్రా? చుక్కలు లోపలున్నాయి, బయటికి రావడానికి టైము పడుతుంది!" ఆయన నేల చూస్తూ, "చుక్క లేని మామిన్‌ను ఎవడు కొంటాడమ్మా? మన పెద్దలు చేసిందే చేశాను" అన్నాడు. మామిన్ అంటే మా చుక్కల గుర్రమే. నాలుగో ఏట బొగ్గు నడుం మీద మంచు రాలినట్టు తెలుపు తేలింది. ఆరో ఏటికి తుంటంతా తెల్లబడి, మధ్యలో నల్లచుక్కలు నిలిచాయి. అంత అందమైన గుర్రం లోయలో లేదు. దానికి పిల్లలుండవు.

పెద్దల పేరెత్తాడు కనుక చెప్తున్నాను. వాళ్లు కాళ్లు చూశారు, ఛాతీ చూశారు, కొండెక్కాక ఊపిరి చూశారు. నాసిరకం మగవాటికి విత్తులు తీసి, మేలైనవాటినే ఆడగుర్రాలకు దాటించి ఈ జాతిని నిలబెట్టారు. 1877లో తెల్లవాళ్లతో మా యుద్ధం ముగిసిననాడు వాళ్ల సైన్యం మావి వెయ్యికి పైగా గుర్రాలు తోలుకుపోయింది. మిగిలినవాటిని, మేము రైతులం కావాలని, నాగలి లాగే మొద్దు గుర్రాలతో దాటించారు. తర్వాత ఆ తెల్లవాళ్లే గుర్రాల క్లబ్బు పెట్టి, పలూస్ నది పేరు మెలితిప్పి మా గుర్రానికి తగిలించారు. ఇన్నిటినీ తట్టుకుని నానమ్మ దొడ్డిదాకా వచ్చిన రక్తం అది. సైన్యం పూర్తిచెయ్యలేని పనిని మా బాబాయి పావుగంటలో పూర్తిచేశాడు.

నాకు కాలేజీలో జన్యుశాస్త్రంలో అత్తెసరు మార్కులు వచ్చాయి. ఆ మార్కులకు కూడా ఇది అర్థమైంది.

5. నానమ్మ పూసలు కుట్టిన మెడపట్టీ బొగ్గుకు. అవును, గుర్రానికే. ఊరేగింపులో వంశం లేనిదని దాన్ని వెనక వరసలో నిలబెడితే నేను దయ్యమై వస్తాను.

6. హార్లన్ బాబాయికి ఏమీ లేదు. అయితే కామస్ ఈనేటప్పుడు ఆయన్నే పిలవాలి. అడ్డం తిరిగిన పిల్లను లోపలే సరిచేసే చేతులు ఈ లోయలో ఆయనవే. ఈ వాక్యం పళ్లు నూరుతూ రాశాను.

7. ఇందులో సాక్షి సంతకం చేసినవారికి నా ఆస్తిలో పూచికపుల్ల కూడా దక్కదు. అందుకే సాక్షిగా బాబాయినే పిలిచాను. అమలు బాధ్యత లొరేనాది.

2019 జూన్ 28, లాప్వాయ్.
(సంతకం) టోబియస్ గ్రేఎల్క్

సాక్షులు:
రూబెన్ స్టోన్‌రివర్, దళపతి. "ఇది కాగితమా, పోట్లాటా?"

హార్లన్ గ్రేఎల్క్. అంతా చదివాను. నాలుగోదాని షరతులో ఐదేళ్లు తక్కువ, ఏడేళ్లు చెయ్యి. బొగ్గు రోజూ పొద్దున్నే నా చేతిలో మొహం పెడుతుంది. నేనేం చేశానో దానికి తెలియదు, నాకు తెలుసు. ఏప్రిల్‌కల్లా ఇంటికి రారా. పిల్ల తల బయటికి రాగానే పట్టుకోవడానికి నాకు ఇంకో జత చేతులు కావాలి.