తొమ్మిది గంటల తలుపు

శృంగవరపుకోట,
గురువారం.

ప్రియమైన ఎలీసమ్మక్కకి,

ఫోనులో చెబితే సగం వినకుండానే తిట్లు మొదలుపెడతావు. అందుకే రాస్తున్నాను. ఆసుపత్రి డ్యూటీ అయ్యాక తీరిగ్గా చదువు.

పదకొండేళ్ళుగా ఈ డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను కదా. ఇప్పుడు ల్యాబులో కంప్యూటర్ మీద కూడా చెప్పమన్నారు. సాఫ్ట్‌వేర్లో గ్రూపులుగా విడగొట్టే బటన్ ఒకటుంటుంది. నొక్కితే ఆడపిల్లల మార్కులు వేరు, మగపిల్లల మార్కులు వేరు చేసి పక్కపక్కన చూపిస్తుంది. అంతే. ఆ మాత్రం దానికి నాలుగు వారాలుగా గొంతు చించుకుంటున్నాను. మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి రెండు అని గుర్తు వేసుకోమంటే, ధర్మేంద్ర అనే ప్రబుద్ధుడు ఆ ఒకట్లకీ రెళ్ళకీ సగటు తీసి, "మేడం, మన క్లాసుకి ఒకటీ పాయింటు ఆరొచ్చినాదండి, మంచిదేనా?" అని అడిగాడు. మా అక్క వార్డులో అందరి ఒంటి వేడి కలిపి సగటు తీస్తే ఎవరికీ జ్వరం లేనట్టే ఉంటుంది, విడదీసి చూడండర్రా అని నిన్ను కూడా పాఠంలోకి లాగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అసలు సంగతి ఇది కాదు. సోమవారం స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ జగన్నాధంగారు నా రిజల్ట్స్ అందరి ముందూ చదివారు. సగంమంది తప్పారు. "ఓపిక తగ్గినట్టుందమ్మా మీకు, ఏటంటారు?" అన్నారు. నవ్వేవాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి ఏడ్చానక్కా. నా వైపు లోపం ఏముంది? ఒక్కరోజు సెలవు పెట్టను. నాన్న సండేస్కూల్లో చేసినట్టే, తొమ్మిది గంటలు కొట్టగానే గడియ పెట్టి పాఠం మొదలుపెడతాను. తర్వాత వచ్చినవాళ్ళకి ఆబ్సెంటే. చదివే బుద్ధి వాళ్ళకి లేకపోతే నేనేం చేసేది? వచ్చే సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. కాగితం రాసేశాను. వద్దనకు.

నీ చెల్లెలు,
ప్రిస్కిల్లా

శృంగవరపుకోట,
మంగళవారం.

అక్కా,

కాగితం ఇవ్వలేదు. అప్పుడే సంతోషపడకు, ముందు విను.

శనివారం మధ్యాహ్నం ల్యాబులో విసుగెత్తిపోయి, పోయిన సెమిస్టరు అన్ని సబ్జెక్టుల మార్కుల్లో పిల్లల పేర్లు మాత్రం తీసేసి, ఊళ్ళు ఉంచి వాళ్ళ ముందు పడేశాను. మీ ఇష్టం వచ్చినట్టు విడగొట్టుకోండి అన్నాను. అందరూ ఆడా మగా అని విడగొట్టారు. తేడా ఏమీ రాలేదు. ఈశ్వరి అని, కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉంది, ఎప్పుడూ నోరు విప్పదు. ఆ పిల్ల ఊరి పేర్లు చూసి, కొండ బస్సులో వచ్చేవాళ్ళకి ఒకటి, టౌనువాళ్ళకి రెండు వేసి బటన్ నొక్కింది. నా సబ్జెక్టులో టౌనువాళ్ళ సగటు అరవై ఒకటి. బస్సువాళ్ళది ఇరవై తొమ్మిది.

"ఇంటి దగ్గర పుస్తకం ముట్టుకోరు, ఇంకెలా వస్తాయి?" అన్నాను.

ఈశ్వరి ఎకనామిక్స్ మార్కులు కూడా అలాగే విడగొట్టింది. అది మధ్యాహ్నం క్లాసు. యాభై ఆరు, యాభై ఐదు.

"మాకు బుర్ర లేదనుకున్నానండి ఇన్నాళ్ళూ," అంది. "మా బస్సు తొమ్మిదింపావుకి వస్తాదండి. అప్పటికి మీరు తలుపేసేస్తారు. వరండాలో కూకుంటాం."

"మరి ఒక్కరోజైనా చెప్పలేదేం?"

"సెప్పడానికి తలుపు తీయరు గదండి."

అక్కా, తల కొట్టేసినట్టయింది. ప్రపంచాన్నంతా విడదీసి చూడమని అరిచినదాన్ని, నా క్లాసును ఒక్కసారి విడదీసి చూడలేదు. నిన్న జగన్నాధంగారి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పి, నా క్లాసు పదకొండుకి మార్చమన్నాను. వచ్చే సెమిస్టరు దాకా కుదరదన్నారు.

అందుకని ఇవాళ తలుపు బార్లా తీసే ఉంచాను. తొమ్మిదింపావుకి బస్సు పిల్లలొచ్చారు, ఇరవై ముగ్గురు. తలుపు తీసే ఉన్నా, ఒక్కరూ గుమ్మం దాటలేదు. లేచి వెళ్ళి నేనే పిలుచుకురావాల్సి వచ్చింది. పాఠం మొదటినుంచి మొదలుపెట్టాను.

ప్రిస్కిల్లా