సుద్దగీతల కారు

కర్నూలు, 12 మే 1956, శనివారం

పాత జీపు చాసిస్ మీద, ఫొటోలోని ఇంగ్లీషు టూ-సీటర్ లాంటి కారు తమ్ముడు ఓబులేసుకు కట్టిస్తానన్నాను కదా. ఈరోజు షెడ్డు బండల మీద దాన్ని అసలు కొలతకే సుద్దతో గీశాను. వాడిని మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ సీటు గీశాను. ఆరడుగులు దాటిన మనిషి ఇట్టే పట్టాడని మురిసిపోయాను.

అన్నం తెచ్చిన అమ్మ ఒకటే నవ్వు. "ఏమిరా, కారులో గూడా బాసింపట్టు ఏసుకోనే కూర్చుంటాడా వీడు?"

కాళ్లు చాపితే పాదాలు ఇంజన్లోకి పోయాయి! సీటు వెనక్కి జరిపితే కారు వెనకవైపు ఆ గుండ్రటి తోకకు చోటుండదు. ఫొటోలో అందమంతా దానిదే...

జరిపి చూశాను. "ఇప్పుడు శానా బాగుండాదిన్నా," అంటూ వాడు అక్కడే వాలి నిద్రపోయాడు. రోజంతా బస్సు స్టీరింగు కింద మోకాళ్లు ముడుచుకునే మనిషి. లేపబుద్ధి కాలేదు.

తోక గీతను మెల్లగా కాలితో చెరిపేశాను.